సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో పెద్దల ట్రైనింగ్, ర్యాంకులు: ఎక్కడ మొదలెట్టాలి?

నరసన్నపేట_34
నమస్కారమండీ. గ్రీన్‌కార్డు వచ్చింది, రెండు నెలల్లో టెక్సాస్ వెళ్తున్నాను. అక్కడ సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో (అమెరికా ఎయిర్‌ఫోర్స్‌కి సాయంగా ఉండే పౌర వాలంటీర్ల సంస్థ) చేరాలని ఉంది. వయసు 34, విమానం నడపడం రాదు. ట్రైనింగ్ ఏ వరుసలో ఉంటుంది? ర్యాంకులు ఎలా ఇస్తారు? విమానం ఎక్కే పని ఎప్పటికి దొరుకుతుంది? ఈలోగా శ్రీకాకుళంలోనే నేర్చుకోదగ్గదేమైనా ఉందా?

వంశధార_ఒడ్డు
గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లని మామూలుగా చేర్చుకోరు, మనవాళ్లు చాలామంది ఆగిపోయేది అక్కడే. అప్లికేషన్‌తో పాటు వేలిముద్రల కార్డు ఇవ్వాలి, అది ఎఫ్‌బీఐ తనిఖీకి వెళ్తుంది. ముద్ర అలికినట్టు పడితే తిప్పి పంపుతారు, మళ్లీ మొదటికొస్తుంది. చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని వేయించుకోండి.

ముందు లెవెల్ 1, అంటే ట్రైనింగ్‌లో మొదటి మెట్టు. క్యాడెట్ల (సంస్థలోని పిల్లల) రక్షణ కోర్సు అందులోనే. అది పూర్తై, చేరి ఆరు నెలలైతే సెకండ్ లెఫ్టినెంట్. ఫస్ట్ లెఫ్టినెంట్‌కి మరో 12 నెలలు, కెప్టెన్‌కి 18 నెలలు, మేజర్‌కి 3 ఏళ్లు, లెఫ్టినెంట్ కర్నల్‌కి 4 ఏళ్లు. మొత్తం అయిదు లెవెళ్లు. రెండోదానికి ఏదో ఒక విభాగంలో టెక్నీషియన్ రేటింగ్ (ఆ విభాగంలో మొదటి స్థాయి అర్హత) కావాలి. ఉత్సాహం కొద్దీ మూడు విభాగాలు ఒకేసారి ఎత్తుకుంటే మూడూ సగంలోనే ఉంటాయి. కమ్యూనికేషన్స్ గానీ లాజిస్టిక్స్ గానీ, మీ స్క్వాడ్రన్‌లో (స్థానిక శాఖలో) మనిషి లేని విభాగం ఒక్కటి పట్టుకోండి, పనీ దొరుకుతుంది, సంతకాలూ త్వరగా పడతాయి.

బొబ్బిలి_కోట
పై లెక్కకి ఒక సవరణ. నెలలు నిండగానే ర్యాంకు దానంతటది రాదు, కమాండర్ సిఫారసు చేయాలి. ర్యాంకుంటే అధికారం ఉన్నట్టూ కాదు. కెప్టెన్ స్క్వాడ్రన్ నడుపుతుంటే లెఫ్టినెంట్ కర్నల్ ఆయన కింద పని చేయడం అక్కడ మామూలే.

విమానం సంగతి. లెవెల్ 1 తర్వాత జనరల్ ఎమర్జెన్సీ సర్వీసెస్ పరీక్ష, ఆపైన మిషన్ స్కానర్, అంటే విమానంలోంచి నేలను వెతికే మనిషి. పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ఎస్‌క్యూటీఆర్ అనే శిక్షణ పట్టికలో పనులన్నీ అర్హత ఉన్న ఎవాల్యుయేటర్ (పరీక్షించే సభ్యుడు) ముందు చేసి చూపాలి, తర్వాత రెండు మిషన్లలో పాల్గొనాలి. చేసింది ఈసర్వీసెస్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో అదే రోజు ఎక్కించండి. ఆర్నెల్లాగి అడిగితే చూసినాయనకి గుర్తుండదు, పని చేసినా చేయనట్టే.

స్కానర్ పనంటే కిటికీలోంచి చూడటమేగా అనుకోకండి. చూపు అటూ ఇటూ ఊడ్చినట్టు తిప్పితే నేల మీద ఏదీ ఆనదు. ఒకచోట ఆపాలి, కొంచెం జరపాలి, మళ్లీ ఆపాలి. కూలిన విమానం విమానంలా కనిపించదు. విరిగిన కొమ్మలు, మాడిన మచ్చ, ఎండకి మెరిసే ముక్క, ఇలాంటివే ఆనవాళ్లు. వెనక సీట్లో కడుపు తిప్పుతుంది, ముందు తేలిగ్గా తిని ఎక్కండి. స్కానర్ అయ్యాకే అబ్జర్వర్ (పైలట్ పక్కన కూర్చుని వెతుకులాటకి తోడ్పడే మనిషి). మిషన్ పైలట్‌కి మాత్రం పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా నడిపిన, 200 గంటలుండాలి.

పలాస_జీడి
గడ్డం ఉంచుతారా బాబూ? అయితే ఎయిర్‌ఫోర్స్ తరహా యూనిఫాం మీకు కుదరదు, దాని బరువు లెక్కలూ వేరే. నీలం పోలో చొక్కా, బూడిదరంగు ప్యాంటు చాలు. మొదట్లోనే ఖరీదైనవి కొనేయకండి.

ఇక్కడైతే అలాంటి సంస్థ లేదు. దగ్గరగా ఉన్నది ఆపద మిత్ర అనే ప్రభుత్వ విపత్తు వాలంటీర్ల పథకం, 12 రోజుల శిక్షణ, 18 నుంచి 40 ఏళ్లవాళ్లకి. కొత్త బ్యాచ్ ఉందేమో కలెక్టరేట్‌లో విపత్తుల విభాగంలో అడగండి. అక్కడ నేర్పే ప్రథమ చికిత్స రేపు సివిల్ ఎయిర్ పెట్రోల్ గ్రౌండ్ టీమ్‌లో (నేల మీద వెతికే బృందంలో) పనికొస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టింది కదా, అలాంటి నష్టాన్ని పైనుంచి ఫొటోలు తీయడానికి సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో ఎయిర్‌బోర్న్ ఫొటోగ్రాఫర్ అని వేరే అర్హతే ఉంది. అక్కడ వాడే చిన్న విమానం సెస్నా 182కి రెక్క పైనుంటుంది, నేల అడ్డం లేకుండా కనబడుతుంది. కెమెరా చేతనైతే స్కానర్ అయ్యాక అటు వెళ్లండి.