ఎంఆర్‌ఐలో కనిపించే నల్లమచ్చ బతికున్న మూలకణాలదేనా?

ఎలుకల్లో ఎడమ హృదయధమని శాఖను ముడివేసి గుండెపోటు తెప్పించాం. వారం తరువాత, ఎంఆర్‌ఐలో గుర్తుపట్టేందుకు ఐరన్ ఆక్సైడ్ నింపిన 10 లక్షల ఎముక మజ్జ మూలకణాలను దెబ్బతిన్న కండరం అంచున ఎక్కించాం. 7 టెస్లా ఎంఆర్‌ఐలో, ఇనుమును నల్లగా చూపే టీ2 స్టార్ చిత్రాల్లో, మొదటి రోజు కనిపించిన నల్లమచ్చ 28వ రోజుకీ దాదాపు అలాగే ఉంది. కణాలు నిలిచాయని ఎంతో సంతోషించాం. కానీ చనిపోయిన కణాలను ఎక్కించిన ఎలుకల్లోనూ అదే మచ్చ!

ఎకో సమయాన్ని (సంకేతం సేకరించే ముందు ఆగే వ్యవధిని) 3 నుంచి 8 మిల్లీసెకన్ల వరకు మార్చి చూశాం. గుండె, ఊపిరి కదలికలకు చిత్రం చెదరకుండా చేసే ఈసీజీ, శ్వాస గేటింగ్ సరిచూశాం. ఇనుము మోతాదు సగానికి తగ్గిస్తే మచ్చ చిన్నదైంది, బతికిన, చనిపోయిన కణాల మధ్య తేడా మాత్రం తెలియలేదు. గుండె కోతలకు ఇనుమును చూపే ప్రష్యన్ బ్లూ రంగు వేస్తే, ఇనుము దాదాపు అంతా చనిపోయిన కణాలను మింగే, సీడీ68 అనే గుర్తు ప్రొటీన్ ఉన్న మాక్రోఫేజ్‌లలోనే కనిపించింది. అంటే కణాలు పోయినా వాటి ఇనుము మిగిలింది. ఇలాంటి చిత్రాన్ని నమ్మి చికిత్స పనిచేసిందనడం రోగులకు అన్యాయం. బతికున్న కణాల్లో వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ ఎంజైమ్ కూడా ప్రయత్నించాం. ఆ వెలుగు ఎలుక ఛాతీ దాటి సరిగా రావడం లేదు.

ఇప్పుడు సోడియం అయొడైడ్ సింపోర్టర్ అనే ప్రొటీన్ జన్యువును కణాల్లో చేర్చి, ఆ ప్రొటీన్ బతికున్న కణంలోకి లాగే రేడియోధార్మిక టెక్నీషియం-99ఎంతో స్పెక్ట్ (గామా కిరణాల స్కాన్) తీయాలనుకుంటున్నాం. పక్కనే ఉన్న జీర్ణాశయం కూడా ఆ టెక్నీషియంను పీల్చుకుంటుందన్నదే భయం.

ఎలుక గుండెపై ఈ పద్ధతి వాడినవారు, స్పష్టమైన సంకేతం రావడానికి కనీసం ఎన్ని కణాలు బతికి ఉండాల్సి వచ్చిందో చెప్పగలరా?