మొదటి చెల్లో: కొత్తది కొనాలా, వాడినదా?

పదేళ్ల మా అమ్మాయి చెల్లో (వయొలిన్ లాంటిదే కానీ పెద్దది, కూర్చుని వాయించే వాద్యం) నేర్చుకుంటానని పట్టుబట్టింది. నాకూ ఎంతో సంతోషం. మేము హైదరాబాద్‌లో ఉంటాం, 30 వేల రూపాయల లోపు కొనాలనుకుంటున్నాం.

రెండు చూశాం. ఒకటి కొత్తది, ప్లైవుడ్‌తో చేసింది. బలంగానే ఉంది కానీ స్వరం మూసుకుపోయినట్టుంది. రెండోది వాడినది. దాని పై పలక స్ప్రూస్ చెక్కతో చెక్కింది. అన్నిటికన్నా లావైన తీగ మీటగానే గదంతా నాదం నిండింది. మనసు దాని మీదే ఉంది. అయితే ‘ఎఫ్’ ఆకారపు రంధ్రం పక్కన సన్నని గీత కనిపించింది. అది వార్నిష్ మీది గీతో, చెక్కలో పగులో ఎలా తెలుసుకోవాలి? లోపల సౌండ్‌పోస్ట్ (పై పలకకూ వెనక పలకకూ మధ్య నిలబెట్టే చిన్న కర్ర) ఆనే చోట పగిలితే బాగుచేయించడానికి చాలా ఖర్చవుతుందని తెలుసు, అందుకే భయం.

ఇంకొకటి, సైజు. అమ్మాయి ఎత్తు నాలుగున్నర అడుగులు. అర సైజు తీసుకోవాలా, ముప్పావు సైజా? త్వరలోనే మార్చాల్సి వస్తే అద్దెకు తీసుకోవడమే మేలేమో. ఇక్కడ అద్దెకిచ్చేవారు ఎవరైనా ఉన్నారా? బ్రిడ్జి (తీగల కింద నిలబెట్టే చెక్క) ఎత్తు సరిచేసే పని వయొలిన్లు బాగుచేసేవారికి అప్పగించవచ్చా? చెల్లో వాయించేవారు, పిల్లలకు నేర్పించేవారు దయచేసి చెప్పండి. దుకాణదారు ఆదివారం దాకా ఆగుతానన్నారు.