అప్‌డేట్: బోటో3లో ‘ఇన్‌వ్యాలిడ్ యాక్సెస్ కీ ఐడీ’ తేలిపోయింది

పోయిన వారం అడిగినాను కదా, తిరుపతిలో మా ఆఫీసు సిస్టమ్ నుంచి బిల్లులు ఎస్3కి (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) ఎక్కించే పైథాన్ స్క్రిప్టు, యాక్సెస్ కీ (లాగిన్ పేరు లాంటిది) సరిగ్గానే ఉన్నా, ‘ఇన్‌వ్యాలిడ్ యాక్సెస్ కీ ఐడీ’, అంటే కీ చెల్లదు అనే ఎర్రర్ ఇస్తోందని. బోటో3 అంటే అమెజాన్ క్లౌడ్‌ను పైథాన్ నుంచి వాడే లైబ్రరీ. “కీ మొదటి నాలుగక్షరాలేంది?” అని అడిగిన అన్నకు దండం. ఏఎస్ఐఏ! అంటే తాత్కాలిక కీ. ఏకేఐఏతో మొదలయ్యే శాశ్వత కీ అయితే కీ, సీక్రెట్ (పాస్‌వర్డు లాంటిది) రెండే ఇస్తే చాలు; తాత్కాలిక కీకి దాంతో పాటే వచ్చే సెషన్ టోకెన్ అనే మూడో కోడ్ కూడా ఇయ్యాల. నేను మూడోది వదిలేసినా. చేర్చగానే బిల్లులు ఎక్కినాయి.

గడువు తీరగానే మళ్లీ ఆగింది లెండి. అందుకే కోడ్‌లో కీలన్నీ పీకేసి, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కాన్ఫిగ్ ఫైల్ ప్రొఫైల్‌లో రోల్ (తాత్కాలిక కీలు ఇప్పించే అనుమతుల గుర్తింపు) పెట్టినా. గడువు దగ్గర పడితే బోటో3నే కొత్తవి తెచ్చుకుంటోంది.

రీజియన్, సిస్టమ్ గడియారం, లైబ్రరీ రీఇన్‌స్టాల్... వీటికీ దీనికీ సంబంధమే లేదు. ఒక పూటంతా వాటికే పోయింది.