పాత రేవుల్లో, తుప్పు వంతెన నీడలో మగ మోడళ్ల ఫొటోలు: మీ అనుభవాలు చెప్పండి

ఏటిగట్టు:
రాజమహేంద్రవరం, నరసాపురం పరిసరాల్లోని పాత రేవుల్లో ఒక కుర్రవాడికి పోర్ట్‌ఫోలియో తీస్తున్నాను. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన గోదావరి మీది హేవలాక్ వంతెన దగ్గర గట్టు మీద పోయిన ఆదివారం సాయంత్రం ప్రయత్నించాను. రాతి స్తంభాలు, తుప్పు పట్టిన గర్డర్లు ఎంత బాగా వచ్చాయో, మనిషి అంత పాడుగా వచ్చాడు. నీరు తెల్లగా మెరిసిపోయింది, ముఖం మసిబారిపోయింది. పైగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పెళ్లికి వచ్చి విడిది ఇల్లు దొరకనివాడిలా నిలబడ్డాడు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

కొవ్వూరు వైపు:
మీరు సాయంత్రం వెళ్లడంలోనే పొరపాటు జరిగిందండి. రాజమహేంద్రవరం గట్టుకు నది పడమట ఉంటుంది కాబట్టి, సాయంత్రం నీటిని వెనక పెట్టి తీస్తే సూర్యుడు మోడల్ వీపు వెనకే ఉంటాడు. అదే చోటికి ఉదయం ఆరున్నరకు వెళితే ఊరి వైపు నుంచి వచ్చే ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. సాయంత్రమే కావాలంటే మా కొవ్వూరు గట్టుకు రండి, లెక్క తిరగబడుతుంది. కెమెరా మెరిసే నీటిని చూసి ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు) తగ్గించేస్తుంది కనుక, ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి చెంప మీద కొలవండి. చామనచాయ ముఖాన్ని తెల్లబరచవద్దు, ఉన్న రంగును ఉన్నట్టు రానివ్వండి. తెల్ల పంచె మీద మడతలు కనిపించకుండా పోతే మాత్రం ఎక్స్‌పోజర్ ఒక అర స్టాప్ (వెలుగు కొలతలో అర మెట్టు) తగ్గించాలి. వెలుగును ముఖం మీదికి తిప్పే రిఫ్లెక్టర్ లేకపోతే తెల్ల థర్మోకోల్ పలక చాలు, కానీ దాన్ని పట్టుకునేవాడు గట్టివాడై ఉండాలి. మాది ఒకటి గాలికి ఎగిరి ఏట్లో పడింది.

కెమెరా ముందువాడు:
నేను ఫొటోలు దిగేవాడిని కాబట్టి రెండో వైపు చెబుతాను. ఏప్రిల్‌లో ఒక ఫొటోగ్రాఫర్ గారు మధ్యాహ్నం రెండింటికి నా చొక్కా విప్పించి ఇనుప దూలానికి వీపు ఆనించమన్నారు. ఆయన ఫోకస్ సరిచూసుకునేలోగా నా భుజం కింద అరచేతి వెడల్పున చర్మం కమిలిపోయింది, తుప్పు మరక తర్వాత తొడుక్కున్న లాల్చీని కూడా వదలలేదు. దయచేసి ముందు మీ చెయ్యి ఆ ఇనుము మీద పెట్టి చూడండి. రేవు మెట్లలో నీళ్లు తగిలే చివరి రెండూ పాచి పట్టి ఉంటాయి, వాటి మీద చెప్పులతో నడవమనకండి. అన్నిటికంటే ముఖ్యం, “సీరియస్‌గా చూడు” అని ఊరికే అనకుండా చేతికి ఏదో ఒక పని ఇవ్వండి.

సఖినేటిపల్లి పంటు:
పైన చెప్పినదంతా ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన సరిపోతుంది. దిగువన, మా నరసాపురం రేవు దగ్గర, గోదావరి పాయ వశిష్ఠకు సముద్రపు పోటూ పాటూ తగులుతాయి. పోటు మీద పడవ పక్కన మోడల్‌ను నిలబెట్టి, టీ తాగి వచ్చేసరికి పాటు తీసి పడవ బురదలో ఒరిగి ఉంటుంది. నిజానికి నాకు ఆ బురద ఫొటోలే ఎక్కువ నచ్చుతాయి, కానీ మోకాలి లోతున దిగబడే చోట్లు ఉంటాయి కనుక ముందుగా రేవులో పనిచేసేవారిని అడగాలి. పడవ వాడుకుంటే యజమానిని అడిగి, ఆయన పూట పని చెడినందుకు డబ్బు ఇవ్వండి. అణియం (పడవ ముందు కొస) మీద పసుపు కుంకుమలు ఉంటే అక్కడ కాలు పెట్టించకండి. స్నానాల రేవులో ఆడవాళ్లు ఉన్న వేళ చొక్కా లేని మోడల్‌తో దిగితే పెద్దలు కేకలేస్తారు, వారి కోపంలో తప్పేమీ లేదు.

ఎర్రనీరు:
వరదల రోజుల్లో ఏటి నీరు ఎర్రబడినప్పుడు ముఖం మీద కింది నుంచి ఒక వెచ్చని రంగు పడుతుంది. కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని చెరిపేస్తుంది, కాబట్టి పగటి వెలుగు సెట్టింగులోనే ఉంచండి. అయితే ధవళేశ్వరం వద్ద మట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చాక గట్టు దిగవద్దు.

ఏటిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఉదయం అదే గట్టుకు వెళ్లాం. రేవులో ఉన్న ఒక పెద్దాయన తడిసిన మోకు ఇచ్చి చుట్టమన్నారు. మావాడు మూడుసార్లు చిక్కు వేశాడు, పెద్దాయన విసుక్కుంటూ మూడుసార్లూ విప్పారు. నాలుగోసారి మావాడు మోకాళ్ల మీద కూర్చుని, పంచె పైకి ఎగగట్టి, నేనున్న సంగతే మరచిపోయాడు. 85 ఎంఎం లెన్సుతో తీసిన వాటిలో పదకొండు పనికొచ్చాయి. వాటిలో నాలుగింటిలో పెద్దాయన చేతులు కూడా పడ్డాయి. ఆయన అనుమతి అడిగాను, రెండు ప్రింట్లు తెచ్చి ఇమ్మన్నారు.