మిర్చి కొట్టులో ల్యాప్‌టాప్ హఠాత్తుగా ఆగిపోతోంది, కారణం తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. 2019లో కొన్న ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. రెండు వారాలుగా పని మధ్యలో ఆగిపోతోంది. హెచ్చరిక ఉండదు, నీలం తెర రాదు. దీపం ఆర్పినట్టు తెర నల్లబడుతుంది, అంతే. వెంటనే బటన్ నొక్కితే వెలిగినా నిమిషంలో మళ్లీ ఆరిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మామూలుగా పనిచేస్తుంది.

మొన్న శుక్రవారం పల్నాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన 62 టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముకుని, పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం నా ఎదుట కూర్చున్నారు. కాటా తూకాలు సగం ఎక్కించేసరికి ఆగిపోయింది. మూడుసార్లు అదే వరస. చివరికి చేత్తో రాసిచ్చాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఊరికి ఆఖరి బస్సు తప్పిపోయి ఆ రాత్రి యార్డులోనే పడుకున్నారని మర్నాడు తెలిసింది. అప్పటి నుంచి నాకు మనసు స్థిమితంగా లేదు.

ఒక దుకాణంలో 800 రూపాయలు తీసుకుని విండోస్ మళ్లీ ఎక్కించారు. మరుసటి రోజే ఆగిపోయింది. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఉంటోంది. బ్యాటరీ మార్చాలా? కొత్తది కొనమని యజమానిని అడగాలంటే కారణం చెప్పగలగాలి కదా.

జవాబు 1

ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు కూడా ఆగుతోందా? తీసినప్పుడు మాత్రమే అయితే బ్యాటరీని అనుమానించండి. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీయవచ్చు. కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్నవి పక్కపక్కనే కనిపిస్తాయి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమో. వాడటం ఆపేసి ముందు దాన్ని తీయించండి.

ప్రశ్న అడిగినవారు

ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంటుందండీ. ఉబ్బు ఏమీ లేదు.

జవాబు 2

ఖమ్మంలో పన్నెండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. మీరు రాసినదాంట్లో రెండు మాటలు చాలు: చల్లారితే వెలుగుతోంది, మిర్చి కొట్టు. నా అనుమానం వేడి మీద.

41 అన్నది జబ్బు పేరు కాదు. క్రితంసారి సరిగా మూసుకోలేదని విండోస్ మళ్లీ వెలిగాక రాసుకున్న గుర్తు మాత్రమే. వేడి వంద డిగ్రీల దగ్గరికి వస్తే ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా కరెంటే ఆగిపోతుంది. కారణం రాసుకునే వ్యవధి విండోస్‌కు ఉండదు. అందుకే మీకు ఏ హెచ్చరికా కనిపించలేదు.

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్ వెలగగానే వచ్చే సెట్టింగుల తెర, అంటే బయాస్‌లోకి వెళ్లి అలాగే వదిలేయండి. అక్కడ విండోస్ ఇంకా మొదలే కాదు. అక్కడా ఆగిపోతే విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా లాభం లేదు. తర్వాత వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టుకుని, ఆగిపోయే ముందు వేడి ఎంతుందో చూడండి. 70 డిగ్రీల లోపలే ఉండి ఆగితే నా అంచనా తప్పు. అప్పుడు ఛార్జర్ పిన్ను, ర్యామ్, బోర్డు చూడాలి.

ప్రశ్న అడిగినవారు

బయాస్‌లో 14 నిమిషాలకు ఆగింది. విండోస్‌లో ఆఖరిగా చూసిన అంకె 98.

జవాబు 2

ఇక సందేహం లేదు, విప్పించండి. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగానే కనిపిస్తుంది, మోసపోవద్దు. ఫ్యానుకూ, వేడిని బయటికి పంపే రాగి రేకుల గూటికీ మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుంటుంది. ఫ్యాను విప్పితే గానీ అది బయటపడదు. ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకోవాలి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి పాడవుతుంది. అది కారం దుమ్ము, ఆరుబయట ముక్కుకూ కళ్లకూ రక్షణ పెట్టుకునే చేయండి. ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి రాసే పాత పేస్టు తుడిచి కొత్తది వేయించడం మరిచిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం తెలిసిన కుర్రాడితో విప్పించాను. మీరు చెప్పిన చోటే, ఎర్రగా, వేలు మందాన, గోరుతో పట్టి లాగితే చాప చుట్టలా వచ్చింది. లోపలి పేస్టు సుద్దపొడి అయిపోయింది. పేస్టుకూ పనికీ కలిపి 450 రూపాయలు.

ఈ రోజు ఉదయం తొమ్మిదిన వెలిగించాను. యార్డు మూసేవరకు ఒక్కసారీ ఆగలేదు, వేడి 74 దాటలేదు. ఆ పెద్దాయనకు ఇంకా 40 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయట, వచ్చేవారం తెస్తానన్నారు. ఈసారి ఆయన పట్టీ మొదట తీసిస్తాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇలా ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయించాలి?

జవాబు 2

మీ చోట సీజన్‌లో నెలకోసారి గాలి కొట్టించండి. పేస్టు రెండు మూడేళ్లకోసారి చాలు. ల్యాప్‌టాప్‌ను గోతాల మీద పెట్టకండి, అడుగున గాలి లాగే రంధ్రాలు మూసుకుపోతాయి. రెండు చెక్క ముక్కలు పెట్టి బల్ల మీద కాస్త ఎత్తుగా ఉంచండి.