1953లో ప్రకాశం పంతులు చేసింది రాజీయా, రాజనీతా?

కృష్ణలంక:
1952లో మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు మెజారిటీ రాలేదు. కమ్యూనిస్టులతో కలిసిన కూటమి ప్రకాశం గారిని నాయకుడిగా ఎన్నుకున్నా గవర్నరు రాజాజీనే పిలిచారు. 1953 అక్టోబరు 1న అదే ప్రకాశం, తాను ఉన్న ప్రజా సోషలిస్టు పార్టీని వదిలి, కాంగ్రెస్ అండతో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. సైమన్ కమిషన్ నాడు తుపాకికి రొమ్ము చూపిన మనిషి ఎనభై దాటాక కుర్చీ ముందు మెత్తబడ్డారంటాను. కాదనేవారు చెప్పండి.

పాత ప్లీడరు:
ఒప్పుకోను. రాజమండ్రిలో ప్లీడరీ చేసి, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో దండిగా ఆర్జిస్తున్న ప్రాక్టీసును 1921లో వదిలేసినవాడాయన. ఆ ఆర్జనను ఆయన నడిపిన ‘స్వరాజ్య’ పత్రిక మింగేసింది. అలాంటివాడు పదవికి లొంగుతాడా?

కృష్ణలంక:
డబ్బు మోజు వేరు, పదవి మోజు వేరు. మొదటిది లేనివాళ్లలోనే రెండోది గట్టిగా ఉండటం మనం చూడలేదా?

సీమ చదువరి:
మీరిద్దరూ మనసులోకి తొంగి చూస్తున్నారు. పని చూడండి. కర్నూలు రాజధాని అయ్యేసరికి భవనాలు చాలక ప్రభుత్వ కచేరీలు గుడారాల్లో నడిచాయి. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని సీమకు వస్తే హైకోర్టు కోస్తాకు వెళ్లాలి. 1954లో గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో విశ్వవిద్యాలయం వచ్చాయి. గండిపడిన పాత ఆనకట్టకు బదులు బెజవాడలో బ్యారేజీ పని మొదలైంది. పట్టుమని పదమూడు నెలల పాలన అది! పార్టీ మారకుండా ఇంట్లో కూర్చుంటే ఇవి ఆయన చేతుల మీదుగా జరిగేవా?

పాత ప్లీడరు:
పార్టీ మార్పు నాకూ రుచించదు, అది వేరు. కానీ మద్యనిషేధం సంగతి చూడండి. ప్రభుత్వం వేసిన కమిటీయే ఎత్తివేయమంది. ఆయన ఎత్తివేయలేదు. దాని మీదే 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలింది. కుర్చీ మీద మోజు ఉన్నవాడు కల్లు దుకాణాలకు తలూపేవాడు.

కృష్ణలంక:
ఆ ఓటింగులో కమ్యూనిస్టులు ఎటున్నారు? 1952లో నాయకుడన్నవాళ్లే 1954లో దించారు. వాళ్లను దూరం చేసుకోకపోతే ఆ ఒక్క ఓటుకు కొరత ఉండేదా?

సీమ చదువరి:
వాళ్లతోనే ఉంటే 1953లో కాంగ్రెస్ ఆయన్ను పిలిచేదే కాదు. అప్పుడు పడిపోవడానికి ప్రభుత్వమే ఉండేది కాదు, కృష్ణలంక గారూ.