ఒకే రైల్‌రోడ్‌కి కట్టుబడాలా, నచ్చిన ఇంజన్ నడుపుకోవాలా?

పట్టాలపిచ్చి:
అమెరికా రైళ్ల మోడళ్లు చేసేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఇది: ఒకే రైల్‌రోడ్ (అంటే రైలు కంపెనీ) బండ్లే నడపాలా, ఎవరివైనా నడపొచ్చా అని. ఈమధ్య నా లేఅవుట్ (ఇంట్లో పరిచిన మోడల్ పట్టాలు, స్టేషన్ల అమరిక) ఫోటోలు చూసి ఒకాయన మొహం మీదే అనేశారు: "తనదంటూ ఒక రైల్‌రోడ్ లేనివాడు మోడలర్ కాదండీ, బొమ్మలు పోగేసేవాడు." ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నాది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు. నా దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల కే4 ఆవిరి ఇంజను, శాంటా ఫే వాళ్ల ఎరుపు, వెండి రంగుల ఎఫ్7 డీజిల్, యూనియన్ పసిఫిక్ వాళ్ల బిగ్ బాయ్ అనే భారీ ఆవిరి ఇంజను ఉన్నాయి. మూడూ ఒకే పట్టాల మీద తిరుగుతాయి. నాకు మూడూ ఇష్టమే. కానీ చూస్తే చాలామందికి ఒక్క లైనే లోకం. ఇంజన్లూ దానివే, స్టేషన్లూ దానివే, టోపీ మీద గుర్తు కూడా దానిదే. ఇంత కట్టుబాటు నిజంగా అవసరమా? దానివల్ల మోడల్ బాగుపడుతుందా, లేక ఇది ఉత్త అభిమానమేనా?

టస్కన్‌రెడ్:
నా పేరు పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల ఎరుపు రంగుది, చూస్తేనే నేనెవరి మనిషినో తెలిసిపోతుంది, కాబట్టి దాచేదేం లేదు. పెన్సిల్వేనియా తప్ప నా షెల్ఫులో ఇంకోటి ఉండదు.

దాన్ని మూఢాభిమానం అనుకునేవాళ్లకు ఒకటే చెప్తాను. ఒక లైన్‌ని పట్టుకుంటేనే కన్ను తెరుచుకుంటుంది. పెన్సిల్వేనియా ఇంజన్ల నిప్పుగూడు (బొగ్గు మండే అర) పైభాగం గుండ్రంగా కాకుండా పెట్టెలా భుజాలు తేలి ఉంటుంది. బెల్‌పేర్ నిప్పుగూడు అంటారు. అమెరికాలో మిగతా పెద్ద లైన్లలో చాలావరకు దాన్ని వాడలేదు. సిగ్నళ్లు చూడండి: ఎరుపూ ఆకుపచ్చా కాదు, పసుపు దీపాలు వరుసగా అడ్డంగానో ఏటవాలుగానో నిలువుగానో వెలుగుతాయి. పాత కాలపు చేతికర్ర సిగ్నల్ ఏ కోణంలో ఉండేదో ఆ కోణంలోనే. ఇంజను ముందు నంబరు ప్లేటు కీస్టోన్ ఆకారంలో, అంటే కమాను నడినెత్తిన పెట్టే రాయిలా ఉంటుంది. అదే కంపెనీ గుర్తు కూడా. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. తమను తాము "ప్రపంచానికే ప్రామాణికమైన రైల్‌రోడ్" అని చెప్పుకున్న కంపెనీ అది. ఆ గర్వం ప్రతి బోల్టులో కనిపిస్తుంది. ఒక్క కే4 తరగతిలోనే 425 ఇంజన్లు చేశారు.

మూడు లైన్లు కలిపి నడిపేవాళ్లకి ఇదంతా ఎక్కుతుందా? మీ లేఅవుట్‌లో సిగ్నల్ ఎవరిది పెట్టారు, ముందు అది చెప్పండి.

ఊరికేనడుపుతా:
ఎవడి పిచ్చి వాడికి ఆనందం. లేఅవుట్ నాది, రైలు నాది, రూలూ నాదే. ఈ హాబీలో అందరూ మొదటి రూలుగా చెప్పుకునేది ఇదే కదా. పగలంతా ఆఫీసులో ఎవడో చెప్పినట్టు వింటాం, ఇంటికొచ్చాక కూడా ఇంజను మీద ఎన్ని మేకులున్నాయో లెక్క అప్పజెప్పాలా?

వేబిల్లు:
టస్కన్‌రెడ్ గారూ, మీరు చెప్పిన సిగ్నళ్లూ నిప్పుగూళ్లూ నూటికి నూరు పాళ్లు నిజం. కానీ లైను మీద భక్తే నిజానికి దగ్గర దారి అంటే మాత్రం ఒప్పుకోను. చాలామంది భక్తుల లేఅవుట్లు తప్పుగా ఉండేది ఆ భక్తి వల్లే.

గూడ్స్ రైలు సంగతి తీసుకోండి. అమెరికాలో బాక్స్‌కార్ (మూసి ఉండే సరుకు పెట్టె) ఒక కంపెనీ గీత దగ్గర ఆగిపోదు. ఎవరి వ్యాగనైనా ఎవరి పట్టాల మీదైనా తిరుగుతుంది. అది తమ లైను మీద ఉన్నన్ని రోజులకు అసలు యజమానికి అప్పట్లో రోజువారీ అద్దె కట్టేవారు. దీన్నే ఇంటర్‌చేంజ్ అంటారు. 1940లు, 50ల రైళ్లను లెక్కగట్టి చూసిన మోడలర్లు చాలా ఏళ్లుగా వాదించుకుంటున్న ఒక ఊహ ఉంది: మామూలు సరుకు మోసే బాక్స్‌కార్లు దేశమంతా ఎంతగా కలిసిపోయేవంటే, ఏ లైను మీది రైలు చూసినా అందులో ఒక్కో కంపెనీ వాటా, దేశం మొత్తం బాక్స్‌కార్లలో ఆ కంపెనీ వాటాకు దగ్గరగానే ఉంటుందని. అందరూ ఒప్పుకోరు, పొరుగు లైన్ల వ్యాగన్లు కాస్త ఎక్కువే ఉండేవని అనేవాళ్లున్నారు. కానీ సొంత గుర్తున్న బాక్స్‌కార్లతోనే రైలంతా నింపడం తప్పని మాత్రం ఇద్దరూ అంటారు.

దీంట్లో తమాషా ఏంటంటే, అప్పట్లో అతి పెద్ద బాక్స్‌కార్ దండు ఉన్నవాళ్లలో పెన్సిల్వేనియా ఒకటి. అంటే ఎక్కడో పడమటి మూల చిన్న లైను మోడల్ చేసేవాడు కూడా మీ కీస్టోన్ గుర్తున్న పెట్టెలు కొనాలి. మీరేమో మిగతా అందరివీ కొనాలి!

బొగ్గు హాపర్ల (కింద నుంచి సరుకు దించే వ్యాగన్ల) లెక్క వేరు. గనుల నుంచి బొగ్గు దించే లైన్లలో సొంత హాపర్లే ఎక్కువ తిరిగేవి. అందుకే వర్జీనియన్ లాంటి బొగ్గు లైను అభిమాని రైలంతా ఒకే గుర్తుతో నింపినా చెల్లిపోతుంది. మీకు చెల్లదు.

టస్కన్‌రెడ్:
వ్యాగన్ల విషయం నేనూ కాదనను. నా గూడ్స్‌లో న్యూయార్క్ సెంట్రల్ పెట్టెలు కూడా ఉన్నాయి, పళ్లు కొరుక్కుంటూనే నడుపుతాను. నేనన్నది ఇంజన్ల గురించి. ఇంజను ఇల్లు దాటదు.

వేబిల్లు:
ఆవిరి రోజుల్లో చాలావరకు దాటేది కాదు, అది సరే. 1960ల తర్వాత ఆ మాట చెల్లదు. రెండు కంపెనీలు మాట్లాడుకుని, సరిహద్దులో ఇంజన్లు మార్చకుండా రైలును మొత్తంగా అవతలికి పంపడం మామూలైపోయింది. ఈ కాలపు రైలు మోడల్ చేసేవాడు రెండు మూడు కంపెనీల రంగులు కలిపి పెడితేనే అసలు రైల్లా ఉంటుంది.

మిగిలినజెండా:
నాకు అర్థంకానిది వేరే ఉంది. మీరంతా "లైను" అంటున్నది దేన్ని?

పెన్సిల్వేనియా 1968 ఫిబ్రవరి 1న తన బద్ధశత్రువు న్యూయార్క్ సెంట్రల్‌తోనే కలిసి పెన్ సెంట్రల్ అయింది. 1970 జూన్‌లో అది దివాలా. 1976 ఏప్రిల్‌లో ప్రభుత్వం పెట్టిన కాన్‌రైల్. 1999లో దాన్ని కూడా నార్ఫోక్ సదర్న్, సీఎస్ఎక్స్ పంచుకున్నాయి. అవే పట్టాలు, అల్టూనా ఊరి దగ్గర గుర్రపునాడాలా తిరిగే అదే హార్స్‌షూ మలుపు, పక్కన అవే కొండలు. మరి టస్కన్‌రెడ్ గారి భక్తి ఏ రోజున ఆగింది? 1968 జనవరి 31 రాత్రా?

ఇంకో ముచ్చట. 1980ల్లో శాంటా ఫే, సదర్న్ పసిఫిక్ కలవబోతున్నాయని రెండు కంపెనీల ఇంజన్లకీ ముందే ఎరుపు, పసుపు రంగులు వేసేశారు. ఒకదాని మీద ఎస్‌పీ, ఇంకోదాని మీద ఎస్‌ఎఫ్ అని రాసి, మిగతా రెండక్షరాలకి పక్కన ఖాళీ వదిలారు. విలీనం అయ్యాక పూరిద్దామని. 1986లో అనుమతి రాలేదు. ఖాళీలు ఖాళీలుగానే ఏళ్లతరబడి దేశమంతా తిరిగాయి. దాని మీద మోడలర్లు ఒక జోకు కూడా కట్టారు, ఎస్‌పీఎస్‌ఎఫ్ అంటే "షుడ్‌న్ట్ పెయింట్ సో ఫాస్ట్" (అంత తొందరపడి రంగు వేయకూడదు) అని. ఇప్పుడు ఆ రంగుల ఇంజన్ కొనేవాడు ఎవరికి కట్టుబడినట్టు? పుట్టని కంపెనీకా?

కంపెనీ వైపు నుంచి కూడా చూడండి. యూనియన్ పసిఫిక్ 2004లో మోడళ్లు తయారుచేసే ఏథర్న్, లయొనెల్ మీద కోర్టుకెళ్లింది, తమ గుర్తులు మోడళ్ల మీద వాడినందుకు. తాము కలిపేసుకున్న పాత లైన్ల గుర్తులకు కూడా రుసుము కట్టాలన్నారు. సదర్న్ పసిఫిక్, మిస్సోరీ పసిఫిక్, రియో గ్రాండే లాంటివి అన్నీ. అవన్నీ పోయిన లైన్లు, వాటి పేరును ఊళ్లో బతికించింది మోడలర్లే. గొడవ పెరిగి పెరిగి 2006లో రుసుము లేకుండా రాజీ అయింది. నేను రియో గ్రాండే మనిషిని. ఆ రెండేళ్లూ నా అభిమానం నాకే ఎగతాళిగా కనిపించింది.

టస్కన్‌రెడ్:
కంపెనీ మీద అభిమానం అని ఎవరన్నారండీ? పెన్సిల్వేనియా యాజమాన్యం మాకేమీ చుట్టం కాదు. పెన్ సెంట్రల్‌ను ముంచిందీ ఇలాంటి పెద్దమనుషులే. నా అభిమానం 1950ల మొదట్లో అల్టూనా దగ్గర కొండెక్కుతున్న ఒక రైలు మీద. ముందు రెండు ఇంజన్లు, వెనక నుంచి నెట్టేవి ఇంకో రెండు.

మిగిలినజెండా:
అదే నేనూ అంటున్నది. మీది ఒక చోటు మీద, ఒక కాలం మీద ప్రేమ. కీస్టోన్ దాని మీద అంటించిన ముద్ర. అలా చెప్తే నాకేం తగువు లేదు. కానీ "తనదంటూ ఒక రైల్‌రోడ్ లేనివాడు" అన్న ఆ పెద్దమనిషి ముద్రనే చూస్తున్నాడు.

లేనిలైను:
నేను మధ్యలో దూరుతున్నాను, కాస్త పొడుగ్గా.

ఈ వాదనలో ఎవరూ పేరున్న మోడలర్ అలెన్ మెక్‌లెలాండ్ పేరెత్తలేదేంటి? ఆయన మోడల్ కట్టిన వర్జీనియన్ అండ్ ఒహాయో అసలు లేని రైల్‌రోడ్. అయినా ఎంతోమంది మోడలర్లకు అది నిజమైన లైన్ల కంటే నిజంగా అనిపించింది. ఎందుకంటే ఆయన ముందు అపలాచియన్ కొండల బొగ్గు ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో ఆలోచించాడు, ఆ తర్వాతే రంగు ఎంచుకున్నాడు. గది గోడ దగ్గర రైలు ఆగిపోదు, అవతల ఉన్న దేశంలోకి వెళ్తుంది అన్నది ఆయన పట్టుదల. పక్కనున్న అసలు కంపెనీలతో వ్యాగన్లు మార్చుకునే ఏర్పాటు కూడా ఉండేది. వేబిల్లు గారు చెప్పిన ఇంటర్‌చేంజ్ సంగతే.

ఆయన దారిలోనే టోనీ కోస్టర్ అలెఘనీ మిడ్‌లాండ్ అని ఇంకో లేని లైను కట్టాడు. ఏళ్ల తరబడి నడిపాడు, పేరొచ్చింది. తర్వాత దాన్ని మొత్తం విప్పేసి, ఆ చోటనే నికెల్ ప్లేట్ రోడ్ మోడల్ మొదలుపెట్టాడు. చిన్నప్పుడు చూసిన లైను అది. 1964లోనే నార్ఫోక్ అండ్ వెస్టర్న్‌లో కలిసిపోయిన కంపెనీ.

దీన్ని టస్కన్‌రెడ్ గారు తన వైపు సాక్ష్యంగా లాక్కోవచ్చు, చివరికి అందరూ సొంత లైను గూటికే చేరతారు అని. నేను అలా చూడను. ఆయన నిజంలేని లైను వదిలి నిజమైన లైనుకి మారింది కట్టుబాటు కోసం కాదు, పని కోసం. అసలు టైంటేబుల్ ఉంటే, ఏ ఊళ్లో ఏ సైడింగు (రైలు తప్పుకునే పక్క పట్టా) ఎంత పొడుగో తెలిస్తే, అప్పట్లో రైళ్లను నడిపించిన డిస్పాచర్ ఎదుర్కొన్న చిక్కే మన ముందూ ఉంటుంది. ఎదురెదురుగా వస్తున్న రెండు రైళ్లలో ఎవరు పక్కకి తప్పుకోవాలి అన్నది మనం కల్పించుకోనక్కర్లేదు. ఒక లైనుకి కట్టుబడితే నిజంగా దొరికేది అదీ. గుండెల మీద బొమ్మ వేసుకుంటే దొరికేది కాదు.

పట్టాలపిచ్చి గారి మూడు ఇంజన్ల సంగతి. అవి కలవవని అందరూ అనేస్తున్నారు, ఎవరూ తేదీలు చూడలేదు. ఎఫ్7 వచ్చింది 1949లో. పెన్సిల్వేనియాలో ఆవిరి ఆరిపోయింది 1957లో. బిగ్ బాయ్ మామూలు సర్వీసులో చివరిసారి సరుకు లాగింది 1959లో. అంటే 1949 నుంచి 57 దాకా మూడూ బతికే ఉన్నాయి. కాలం కుదిరింది. చోటు విషయానికొస్తే పెన్సిల్వేనియా, శాంటా ఫే రెండూ షికాగో చేరేవి. స్టేషన్లు వేరు, ఊరు ఒకటే. పైగా 1946 నుంచి కొన్నేళ్లు న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్ దాకా దిగకుండా వెళ్లే స్లీపర్ బోగీలు నడిచాయి. షికాగోలో ఒక రైలు నుంచి విప్పి ఇంకోదానికి తగిలించేవారు. అంటే పెన్సిల్వేనియా రైలు వెనక శాంటా ఫే బోగీ కనిపించడం అబద్ధం కాదు. ఒక షికాగో యార్డు కట్టండి, రెండు ఇంజన్లకీ ఇల్లు దొరికినట్టే.

బిగ్ బాయ్ ఒక్కటే మిగిలింది. అది వ్యోమింగ్, యూటా కొండల బండి.

పట్టాలపిచ్చి:
షికాగో యార్డు ఆలోచన అదిరింది, రేపే కాగితం మీద గీస్తాను. ఇంతకీ టస్కన్‌రెడ్ గారు అడిగిన సిగ్నల్... ప్లాస్టిక్ డబ్బాలో వచ్చిన మూడు రంగులది. ఎవరిదో తెలీదు. బిగ్ బాయ్‌ని మాత్రం వదలలేను.

ఊరికేనడుపుతా:
వదలకండి. నా మాట వినండి, మలుపు వెడల్పు మాత్రం చూసుకోండి. హెచ్‌ఓలో కూడా అది దాదాపు 46 సెంటీమీటర్ల పొడుగు. చాలా మోడళ్లలో బాయిలర్ కింది రెండు చక్రాల సెట్లూ పక్కకి తిరుగుతాయి కాబట్టి ఇరుకు మలుపు ఎక్కేస్తుంది గానీ, బాయిలర్ ముక్కు పట్టాలు దాటి పక్క రైలుని గుద్దేంత బయటికొస్తుంది. అసలు ఇంజనులో ముందు సెట్టు ఒక్కటే అలా పక్కకి తిరుగుతుంది. చూశారా, మేకులు లెక్కపెట్టనివాడికీ కొన్ని విషయాలు తెలుసు.

వేబిల్లు:
బిగ్ బాయ్‌కి నేనొక సాకు ఇస్తాను. మొత్తం చేసింది 25, మిగిలినవి 8. అందులో 4012 నంబరుది ఇప్పుడు ఉన్నది ఎక్కడో తెలుసా? పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే, స్క్రాంటన్‌లోని స్టీమ్‌టౌన్ మ్యూజియంలో. మిగిలిన రెండు కే4లు కూడా ఆ రాష్ట్రానివే. కాలం ఇప్పటికి జరిపి యార్డు మూలన ఒక మ్యూజియం పెట్టేస్తే మీ కే4, బిగ్ బాయ్ ఒకే రాష్ట్రంలో ఉన్నట్టే, ఎవరూ కాదనలేరు.

టస్కన్‌రెడ్:
స్క్రాంటన్ లాకవానా అనే ఇంకో రైల్‌రోడ్ వాళ్ల ఊరు. ఆ యార్డూ వాళ్లదే. మా లెక్కలో కలపకండి.